పరగడుపున కూత

రేపు ఫైనల్ లెసన్ చెప్పాల్సిన కూతురి తెల్ల డ్రెస్సును భూమవ్వ దండెం మీంచి లాగి సర్ఫు నీళ్ల బకెట్లో ముంచేసింది. ఉతకాలని కాదు. రేపు ఆ పిల్ల గడప దాటకూడదని.

"ఉతికిన డ్రెస్సే అమ్మా అది" అంది సింధూజ.

"తెలుసు."

"ఇప్పుడు తడిపితె పొద్దుగాల్నకు ఆరది. డ్రెస్ లేకుంటె గ్రౌండ్లకే రానియ్యరు."

"రానియ్యకుంటె మంచిది. గా గ్రౌండు పేరు నా ముంగట తియ్యకు."

సింధూజ బకెట్ పక్కనే నిలబడిపోయింది. జగిత్యాలలో బీపీఈడీ, రెండో ఏడు, ఇదే చివరి పరీక్ష. బయటి కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు కబడ్డీ పాఠం చెప్పాలి. అది గట్టెక్కితే ఏదో ఒక బడిలో ఆటల టీచర్ అవుతుంది. తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి, అదీ భూమవ్వ ఒప్పుకుంటే. ఆమె ముఖం చూస్తే ఈ జన్మకు ఒప్పుకునేలా లేదు.

కోపం ఊరికే రాలేదు. నిన్న పొద్దున ఆమె భర్త రాజనర్సు కోరుట్ల బడి గ్రౌండులో బోర్లా పడిపోయాడు. వాకింగ్‌కు వచ్చినవాళ్లు ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయారు. షుగర్ పడిపోయిందన్నాడు డాక్టర్. షుగర్ గోలీ వేసుకున్నాక తిండి తక్కువై ఒళ్లు ఎక్కువ అలిసినా ఇలాగే అవుతుందని, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని చెప్పాడు. ఇవాళ ఇంటికి పంపించారు. వచ్చినప్పటి నుంచి గోడవైపు తిరిగి మంచం మీద పడుకునే ఉన్నాడు.

భూమవ్వ బీడీల చాట ముందేసుకుని కూర్చుంది. ఆకు కత్తిరిస్తోంది గాని, ఆకుల మీదే పగ తీర్చుకుంటున్నట్టుంది.

"మస్కట్ల గన్నేండ్లు ఎండల పని చేసిండు. ఒక్కనాడు పడిపోలె. ఇంటికొచ్చి బిడ్డ చేతుల పడ్డడు, ఇగో గిట్లయిండు."

"నేను ఉరుకుమనలె అమ్మా. రెండు రొట్టెలు తిని, గోలి ఏసుకొని, జరసేపు ఆగి నడువుమన్న. గంతే."

"గా రెండు రొట్టెలు మనిషి తిండేనా? వెనకట గంపెడు బువ్వ తిన్న మనిషి. నేను అడిగిన నిన్న, తిన్నవా అని. తిన్న అన్నడు. తిన్న మనిషి ఎట్ల పడ్డడు మరి? నువ్వు తిండి కోస్తివి, ఉరుకుడు పెంచితివి. గందుకే పడ్డడు."

సింధూజ మంచం వైపు చూసింది. నాన్న మేలుకునే ఉన్నాడు. నిద్రపోయే మనిషి ఊపిరి ఇలా ఉండదు. బిడ్డ తప్పేం లేదని ఒక్కమాట అంటే చాలు. అనలేదు. దుప్పటి చెవుల మీదికి లాక్కున్నాడు.

"నీ సదువేమో గాని నా ఇల్లు హాస్టలయింది" భూమవ్వ ఆగలేదు. "తొందరగ పండాలె. పండేటప్పుడు ఫోన్లు బియ్యం డబ్బల పెట్టాలె. చాయ్‌ల చెక్కర ఉండద్దు. నా ఇంట్ల నేను చెక్కర దొంగతనంగ ఏసుకుంటున్న, ఎవలన్న ఇంటె నవ్వుతరు."

ఇంకో రోజైతే సింధూజ నిజంగానే నవ్వేది. ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టడం ఆమె కనిపెట్టిన ఉపాయమే. కాలేజీలో చేరిన కొత్తలో ధనుంజయ్ సార్ ఒక మాట అన్నాడు: మీ వెనక ఎవరూ విజిల్ పట్టుకుని నిలబడరు, ఏం నేర్చుకోవాలో మీరే అనుకోవాలి, అయిందో లేదో మీరే చూసుకోవాలి, తప్పయితే మీరే దిద్దుకోవాలి. ఆ మాట విని తలలూపిన ఆడపిల్లలందరూ సాయంత్రం ట్రాక్‌సూట్ల మీదే బస్టాండ్ దగ్గర మిర్చిబజ్జీలు తిన్నారు. సింధూజ అందరికన్నా ఎక్కువ తింది.

మార్పు మెల్లగా వచ్చింది. ముందు నిద్ర కుదిరింది, తరువాత తిండి కుదిరింది. ఆ తరువాత, ఇవాళ నాకు ఏం వచ్చింది, ఏం రాలేదు అని రోజూ తనను తాను అడిగే అలవాటయింది. ఆమె మారుతుంటే ఇల్లూ కొంచెం మారింది. భూమవ్వకు అది నచ్చలేదని ఎవరూ అనుకోలేదు. నిన్నటిదాకా ఆమె కూడా అనుకోలేదు.

ఇప్పుడు సింధూజ ఆ అలవాటుతోనే నిన్నటి సంగతి తిరగేసుకుంటోంది. రెండు జొన్నరొట్టెలు తిని నడిస్తే షుగర్ అంతలా పడదు. మరి తాను చెప్పినదాంట్లో తప్పెక్కడుంది? రోజూ వెంట వెళ్లేది, నిన్న ఒక్కరోజు జగిత్యాలలో ప్రాక్టీసు ఉందని పొద్దున్నే బస్సెక్కింది. ఆ ఒక్కరోజే ఇలా అయింది. చెప్పింది సరే, తిన్నాడో లేదో చూసుకుందా? చూసుకోలేదు.

అంతలో శంకరవ్వ వచ్చింది. రాజనర్సుకు అక్క, సిరిసిల్లలో ఉంటుంది. కబురు తెలిసి మొదటి బస్సుకే వేములవాడ మీదుగా వచ్చింది. చెప్పులు విడవకుండానే మంచం దగ్గరికి పోయి తమ్ముడి తల నిమిరింది, కళ్లు తుడుచుకుంది.

"ఎట్లున్నవ్ తమ్మీ?"

"మంచిగనే ఉన్న అక్కా" అన్నాడు గోడవైపు నుంచే.

"ఏం మంచిగ. మనిషివి సగమయితివి." మేనకోడలి వైపు తిరిగింది. "ఏం కోడలా, మా తమ్మున్ని ఆటల పెట్టినవంట?"

"అడుగు వదినె, నువ్వే అడుగు" అంటూ భూమవ్వ కట్టలు సంచిలో సర్దుకుని లేచింది. "నేను కార్ఖానల బీడీలు అప్పజెప్పి వస్త. వచ్చేవరకు ఈ పిల్ల వాళ్ల సార్‌కు ఏం చెప్తదో ఆలోచన చేసుకోవాలె. రేపు పోవుడు లేదు. రేపే కాదు, ఎప్పటికి లేదు."

ఆమె వెళ్లాక సింధూజ బకెట్లోంచి డ్రెస్సు తీసి పిండి, ఎండ తగిలేచోట ఆరేసింది. ఎందుకు ఆరేస్తోందో ఆమెకే తెలియదు.

శంకరవ్వ గడపలో కాళ్లు చాపుకుని కూర్చుంది. కాసేపు ఆడపిల్లకు ఈ ఉరుకుడు చదువెందుకని సణిగింది. సణుగుతూనే ఎక్కడికో పోయింది. పెద్దవాళ్ల కోపం అలాంటిది, పాతరోజులు గుర్తొచ్చాయంటే సగంలోనే చల్లబడుతుంది.

"గాని కోడలా, మీ బాపు ఆట చూడాలె అప్పుడు. కబడ్డీల కూతకు పోయిండంటె మా ఊరు చందుర్తంత లేశి నిలవడేది. కోనరావుపేటోళ్లు పిలిపిచ్చుకొని మరీ ఓడిపోయేటోళ్లు. పట్టుకుందామని నలుగురు మీదవడితె, గిట్ల వెనక్కి ఒక్క తన్ను తన్ని గీత మీద పడేటోడు. నేను మగపిల్లల నడుమ నిలవడి చూసేదాన్ని. మా బాపు తిట్టేటోడు, అయినా పోయేదాన్ని."

సింధూజ ఆమె పక్కనే కూర్చుంది. ఈ కథ ఎన్నిసార్లు విన్నా ఆమెకు తనివి తీరదు. చిన్నప్పుడు నాన్న అంటే ఫోన్లో గొంతే. ఆ గొంతుకు కాళ్లూ చేతులూ పెట్టి, గీత మీదికి దూకించింది ఈ అత్తమ్మే.

"కనకయ్య అని ఉస్తాద్ ఉండె" శంకరవ్వ గొంతు మెత్తబడింది. "ఆయన నేర్పిందే ఆట. ఆటున్ననాడు పొద్దుగాల బుక్కెడు బువ్వ ముట్టనియ్యకపోయేది. కడుపు నిండితె కాలు లేవదు అనేటోడు. మా అవ్వ ఊకుంటదా? తిన్నవా కొడకా అంటె, తిన్న అని చెప్పి ఉరికేటోడు వీడు. జొన్న గట్క గిన్నె మూత తియ్యకుంట గట్లనే ఉండేది. నాకు తెల్సు, నేను చెప్పకపోయేదాన్ని. ఆట గెల్చి వచ్చినంక గా సల్లటి గట్కల ఉల్లిగడ్డ నంజుకొని తింటుంటె, చూసుడే నాకు కడుపు నిండేది."

శంకరవ్వ నవ్వుతోంది. సింధూజ నవ్వలేదు.

"అందరు గట్లనే ఆడేటోళ్లా అత్తమ్మా? పరగడుపున?"

"అందరు. ఇప్పటికి మా సిరిసిల్లల గా ఈడోళ్లు ఎవల్నన్న అడుగు, గదే చెప్తరు." ఆవులించింది. "జర నడుం వాలుస్త బిడ్డా. బస్సుల నిలవడి వచ్చిన."

ఆమె లోపలి గదిలోకి పోయి చాప వేసుకుంది. సింధూజ వచ్చి మంచం అంచున కూర్చుంది.

"బాపు."

ఆయన దుప్పటి కింద కాళ్లు ముడుచుకున్నాడు.

"నిన్న పొద్దుగాల తిన్నవా?"

"తిన్న." జవాబు వెంటనే వచ్చింది. తడుముకోకుండా, కనీసం ఇటు తిరగకుండా వచ్చింది.

"అత్తమ్మ గట్క గిన్నె సంగతి చెప్పింది."

రాజనర్సు మెల్లగా ఇటు తిరిగి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మీసాలు నెరిసిన మనిషి, బడి ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్లవాడిలా తల వంచుకున్నాడు.

"రొట్టెలేం చేసినవ్?"

"కుక్కకేసిన."

"గోలి?"

"ఏసుకున్న. అది మాత్రం మరువలె."

సింధూజకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "తినకుంట గోలి ఏసుకుంటె పాణం పోతదని చెప్పిన్నా లేదా?"

"చెప్పినవ్."

"మరి?"

"మా ఉస్తాద్‌కు గోలీల సంగతి తెల్వది గదా బిడ్డా" అన్నాడు. నవ్వించాలని చూశాడు. ఆమె నవ్వలేదని చూసి మళ్లీ తల దించుకున్నాడు. "నువ్వే అడిగినవ్ గదా. వెనక్కి తన్నుడు వస్తలేదు బాపు, చూపియ్యి అని."

అడిగింది. నిజమే. రేపటి లెసన్‌లో తనకు కుదరనిది ఆ ఒక్కటే. వీడియోలు చూసింది, తన ఆటను తానే ఫోన్లో తీసుకుని చూసుకుంది, కాలు ఎక్కడ తప్పుతోందో అర్థం కాలేదు. చివరికి నాన్నను అడిగింది. ఆ పొద్దులు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది. మంచులో తడిసిన గ్రౌండు, కాలి బొటనవేలితో నాన్న గీసిన గీత, ముందు ఎదుటోని చూపు చూడు, తరువాతనే కాలు చూడు అంటూ ఆయన చెప్పిన తీరు. పుట్టాక ఆయనతో అన్ని పొద్దులు కలిసి గడిపింది అప్పుడే.

"నీకు చూపిస్తుంటె నాకే సరిగ రాలె" అన్నాడు రాజనర్సు. "సిగ్గయింది. పాణం బరువయిందనుకున్న. ఉస్తాద్ చెప్పినట్టు పరగడుపున పోతె వస్తదనుకున్న. నువ్వు లేనినాడు చూసుకోవాలె అనుకున్న."

"వచ్చిందా?"

ఎందుకు అడిగిందో ఆమెకు తెలియదు. ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది.

"వచ్చింది బిడ్డా. ఒక్కసారి. కాలు గట్లనే లేశింది. మల్ల కూతకు పోదామని తిరిగిన, గంతే, కండ్లు బైర్లు కమ్మినయ్."

సింధూజ ఆయన చెయ్యి పట్టుకుంది. తరువాత అడగాల్సింది అడిగింది.

"మరి అమ్మకు ఎందుకు చెప్తలేవు? పొద్దటిసంది నన్ను తిడుతుంటె ఇనుకుంటనే ఉన్నవ్. రేపు నా పరీక్ష పోతది బాపు. సదువే పోతది."

రాజనర్సు వీధి తలుపు వైపు చూశాడు. ఇంకా రాలేదని నిమ్మళపడ్డాడు.

"మస్కట్ల ఉన్నప్పుడు మీ అమ్మ దినాం ఫోన్ల ఒక్కటే అడిగేది. తిన్నవా అని."

"నాకు యాదికున్నది."

"తిన్న అనేటోన్ని. తినని దినాలే ఎక్కువ బిడ్డా. పనికాడికెల్లి వచ్చేవరకు వండుకునే పాణం ఉండకపోయేది. రొట్టె కొనుక్కున్నా ఒక్కన్నే కూసుంటె లోపలికి దిగకపోయేది. గాని తినలేదంటె మీ అమ్మ తినది. నేను తిన్న అన్నంకనే బువ్వ తల్లె ముంగటేసుకునేది. ఇద్దరం కలిసి తిన్నట్టే ఉంటది అనేది. గందుకే గట్ల చెప్పుకుంట చెప్పుకుంట అదే అలవాటయింది."

సింధూజకు ఆ రోజులు కళ్లకు కట్టాయి. సాయంత్రం కాగానే అమ్మ స్టూలు మీద ఫోన్ పెట్టుకుని కూర్చునేది. ఫోన్ పెట్టేశాక, దా బిడ్డా, బాపు తిన్నడట, మనం తిందాం అనేది. పచ్చిపులుసూ అన్నమే అయినా ఆ పూట అమ్మ ముఖం కళగా ఉండేది. నాన్న అక్కడెక్కడో తమతో పాటే ముద్ద పెట్టుకుంటున్నాడనుకుని తానూ గబగబా తినేది. ఇంట్లో ముగ్గురూ ఉన్నట్టే ఉండేది. ఎంత మంచి రోజులు అవి.

"నిన్న తిన్న అన్నది అబద్ధమని తెలిస్తె, వెనకటియి గూడ అడుగుతది" అన్నాడు రాజనర్సు. "నేనేం చెప్పాలె? మీ అమ్మకు గన్నేండ్లల నేను ఇచ్చింది గదొక్క మాటనే బిడ్డా."

వీధి తలుపు చప్పుడయింది. ఆయన గబుక్కున పడుకోబోయి, ఆలస్యమై, అలాగే కూర్చుండిపోయాడు.

భూమవ్వ లోపలికి వచ్చి సంచి మూలన పెట్టింది. కాళ్లు కడుక్కుంది. వెళ్లేటప్పుడు ఉన్నంత కోపం ఇప్పుడు లేదు, అలిసిపోయి ఉంది. అలిసిపోయిన భూమవ్వతో వాదించడం ఇంకా కష్టం.

"ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు" అంది కూతురితో. "నువ్వు పెట్టిన తిండి తక్కువయ్యే మీ బాపు పడ్డడా, కాదా?"

సింధూజ మంచం వైపు చూడలేదు. చూస్తే నోట్లోంచి నిజం వచ్చేస్తుందని భయపడింది. రెండేళ్ల చదువు ఒకవైపు, స్టూలు మీద ఫోన్ పెట్టుకుని కూర్చున్న అమ్మ ఒకవైపు.

"అవునమ్మా" అంది. "నాదే తప్పు. తిండి తగ్గిచ్చిన, ఎక్కువ తిప్పిన. నాకు తెల్వక చేసిన."

భూమవ్వ తల ఊపింది. గెలిచిన ముఖం కాదు అది.

"అయితె సార్‌కు ఫోన్ చెయ్. రేపు వస్తలేనని చెప్పు. సొంత తండ్రిని చూసుకునుడు రానిదానివి, నలుగురి పిల్లలకు ఏం నేర్పుతవ్. నా ముంగటనే చెయ్. నేను ఇనాలె."

ఆ మాట నిజంగా తగిలింది. సింధూజ ఫోన్ తీసి, నంబరు నొక్కి, స్పీకర్ పెట్టింది.

"చెప్పు సింధూజా" ధనుంజయ్ సార్ గొంతు హుషారుగా వచ్చింది. "రేపు మొదటి లెసన్ నీదే. ఎక్స్‌టర్నల్‌కు చెప్పి పెట్టిన, కబడ్డీ చూడాలంటే మా సింధూజ లెసన్ చూడండని. నాన్నకు ఎట్లుంది?"

"మంచిగున్నడు సార్." అమ్మ వైపు చూసింది. "సార్, నేను రేపు..."

"ఆగు బిడ్డా."

రాజనర్సు కాళ్లు కింద పెట్టి కూర్చున్నాడు. రెండు చేతులతో మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు.

"భూమవ్వా, పిల్ల తప్పేం లేదు. నన్ను కాపాడనీకె అబద్ధం చెప్తున్నది. నిన్న నేను తినలె. రొట్టెలు కుక్కకేసి, ఉట్టి కడుపుతోని కూతకు పోయిన. నువ్వు అడిగితె తిన్న అని చెప్పిన."

"హలో, సింధూజా, వినిపిస్తుందా?" అంటోంది ఫోన్. ఎవరూ దానివైపు చూడలేదు.

సింధూజ అమ్మ అరుస్తుందనుకుంది. అరిస్తే బాగుండేది. భూమవ్వ అరవలేదు. గోడ పట్టుకుని మెల్లగా చాట పక్కన కూర్చుంది. ఒక ఆకు చేతిలోకి తీసుకుంది, కత్తిరించకుండా మళ్లీ చాటలో పెట్టింది.

"నిన్న ఒక్కనాడేనా?" అంది.

తిన్న అన్నంత తేలిగ్గా, తడుముకోకుండా, అవును ఒక్కనాడే అని ఒక్కమాట అనవచ్చు. ఆ మాట రాజనర్సుకు రాలేదు. కళ్లు మాత్రం తుడుచుకున్నాడు.

భూమవ్వ ఆయన ముఖం వైపు చూస్తూ ఉండిపోయింది. అడగాల్సిన అవసరం తీరిపోయాక కూడా అడిగింది.

"అయితె గన్నేండ్లు నేను ఒక్కదాన్నే తిన్ననా?"